గాలి ఎటున్నది

గేటు కాడ నర్సోజి అడిగిండు
"ఏ డిపార్ట్‌మెంట్ మేడం?"
"ఎల్ అండ్ డీ."
"నన్నెందుకు వెళ్లండంటరు, నేను డ్యూటీల ఉన్న గద!"
రిజిస్టర్ల సంతకం పెట్టేదాక ఇద్దరం నవ్వినం.
జడ్చర్ల మందుల కంపెనీల
నా రెండో బతుకు అట్ల మొదలైంది,
ఎనిమిది వేలు తక్కువ జీతంతోని.

మొదటి బతుకు పాలమూరు న్యూటౌన్‌ల,
జిరాక్స్ షాపు మీది అంతస్తుల.
పదకొండేండ్లు మాటలు అమ్మిన.
చీరల దుకాణానికి, ఇంటర్ కాలేజీకి,
బోరు పడని చెలకల ప్లాట్లకు.
"అడుగు నేల, ఆకాశమంత అదృష్టం"
నాదే అది.
రాత్రి చల్లారిన చాయ్ పక్కన పుట్టింది.
పొద్దున క్లయింటు తూర్పారబడితే
పది మాటల్ల నాలుగు మిగిలినయి.

ఎందుకు మానేసినవని ఇంటర్వ్యూల అడిగితే
ఎదుగుదల కోసమన్న.
అది కూడా ప్రకటనే.
అసలు సంగతి, దేవరకద్ర తొవ్వల
ఒక కల్లం కాడ బస్సు ఆగింది.
పల్లికాయ కుప్ప మీద నా ఫ్లెక్సీ కప్పిండ్రు, తలకిందులుగ.
అదృష్టంల "దృ" మీద మేక ఎక్కి నిలబడ్డది.
ముసురు పడుతున్నది. కాయ తడవలే.
నేను రాసింది ఒకరికి అక్కరకొచ్చుడు
అప్పుడే చూసిన.
అది కూడా అక్షరాల వల్ల కాదు.

ఇక్కడ మొదటి క్లాసు.
పదిహేడో స్లైడు, డ్రమ్ము మూత తీసే పద్ధతి.
పాత అలవాటు పోతదా, ప్రాస కట్టిన:
"కంటికి అద్దం పెట్టు, ఆపదను ఆమడ దూరం నెట్టు."
చప్పట్లు కొట్టిండ్రు.
ఫీడ్‌బ్యాక్ ఫారంల ఐదుకు ఐదు.
తెల్లారి యార్డుకు పోతే
అద్దాలన్నీ నెత్తి మీదున్నయి.
షాహెదా ఒక్కతే కండ్లకు దించింది,
అదీ నన్ను చూసినంక.

హోర్డింగ్ కింద నిలబడి
సమజైందా అని ఎవర్నీ అడగలే ఎన్నడూ.
ఇప్పుడు అడగాలె.
అడిగి, ఆగాలె.
ఆగుడే నాకు రాదు.
ఎవరన్న ఊకుంటే చాలు
అక్కడొక మాట అతికియ్యబుద్దయితది,
ఖాళీ గోడ కనబడ్డట్టు.

అందరి వెనక కుర్మయ్య.
బొంబాయిల ఇరవై ఏండ్లు సెంట్రింగ్ చేసి
ఇప్పుడు లోడింగ్‌ల కాంట్రాక్టు మీదున్నడు.
పేరు రాయమంటే పెన్ను నాకే తిరిగిచ్చినోడు.
యార్డుల డ్రమ్ము ముందట నిలబెట్టి
"నువ్వు చెప్పు అన్నా, మూత ఎట్ల తీస్తవు?"
లోపల లెక్కబెట్టుకున్న.
ఆరు. ఏడు.
నాలుక కొస మీదికి నా జవాబే వస్తున్నది, మింగిన.
పదకొండు.
చూపుడువేలు నోట్ల తడిపి పైకెత్తిండు.
(చేతులు నోట్ల పెట్టొద్దన్న ఐదో స్లైడు
ఆయనా మరిచిండు, నేనూ మరిచిన.)
"కల్లంల తూర్పారబట్టెటప్పుడు
గాలి వీపుకుంటది గద మేడం,
పొట్టు మన మీదికి రావొద్దని.
ఇది గంతే.
గాలి ఎటున్నదో చూడు, వీపియ్యి, ఎనక మూత."

ఎవరూ తలూపలే.
చప్పట్లు లేవు.
జరిగిండ్రు, చెప్పులు కంకర మీద కరకరమన్నయి.
పద్నాలుగు మంది గాలికి వీపిచ్చి నిలబడ్డరు.
నేనొక్కదాన్నే ఎదురుగున్న.

ఆ రాత్రి పదిహేడో స్లైడుల నా ప్రాస కొట్టేసి
ఆయన మాట ఆయన యాసలనే టైపు చేసిన.
పని అయితే మారిన గని, కన్ను మారలే.
బస్సుల కూచుంటే ఇప్పటికీ
తొవ్వ పొడుగూత హోర్డింగులు దిద్దుకుంట పోత.
ఒక్కోసారి మంచి మాట కనబడితే కడుపుల కలుక్కుమంటది.

నిన్న హెడ్డాఫీసు నుంచి మెయిల్ వచ్చింది:
"పొట్టు అంటే ఏమిటి?
దయచేసి అందరికీ అర్థమయ్యే పదం వాడగలరు."
ఇంకా జవాబు రాయలే.
కుర్మయ్యను అడగాలె.